చిన్న సబ్‌మెరైన్‌కి యాంటీఫౌలింగ్ పెయింట్: ఏది కొనాలి, ఎక్కడ పూయాలి?

వంశధార_గట్టు (నరసన్నపేట) | ఏప్రిల్ 17, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు వెల్డర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లో మా షెడ్డులో నాలుగేళ్లుగా ఒక్క మనిషి కూర్చునే చిన్న సబ్‌మెరైన్ కడుతున్నాను. పొట్ట స్టీలు గొట్టం. వ్యాసం ఒక మీటరు, పొడవు మూడున్నర మీటర్లు, రెండు చివర్లా గుండ్రటి మూతలు. పక్కల రెండు బల్లాస్ట్ ట్యాంకులు (నీళ్లు నింపితే మునగడానికి, గాలి ఊదితే తేలడానికి), పైన హ్యాచ్ (లోపలికి దిగే మూత) చుట్టూ నాలుగు యాక్రిలిక్ కిటికీలు. వెల్డింగులన్నిటికీ ఎక్స్‌రే తీయించాను. మెరైన్ పోలీసులకీ, కోస్ట్ గార్డుకీ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాను. కాగితం చేతికి వచ్చాకే నీళ్లలో దిగుతుంది. ఆ విషయం పక్కన పెట్టి యాంటీఫౌలింగ్ పెయింట్ దగ్గర, అంటే అడుగున గుల్లలు పట్టకుండా పూసే పెయింట్ దగ్గర సాయం చేయండి.

కళింగపట్నం అవతల ఉప్పుటేరులో నలభై రోజులు కట్టి ఉంచి ట్రయల్స్ చేద్దామని ఆలోచన. ట్రైలర్ అద్దె ప్రతిసారీ పెట్టుకోలేను. నలభై రోజుల్లో అడుగంతా గుల్లలు పట్టేస్తాయని ఇక్కడి బోటువాళ్లు అంటున్నారు. ఒక షాపులో "షిప్ బాటమ్ పెయింట్" అని నాలుగు లీటర్ల ఎర్ర డబ్బా అమ్మారు. ఇంటికొచ్చి లేబుల్ చదివితే అది మామూలు క్లోరినేటెడ్ రబ్బర్ పెయింట్. రాగి లేదు, ఏ మందూ లేదు. డబ్బు పోయింది, వారం పోయింది. ఇంకోసారి మోసపోకూడదని అడుగుతున్నాను.

పెయింట్_మేస్త్రీ (భోగాపురం) | ఏప్రిల్ 17, రాత్రి 10:05

అన్నా, నమస్తే. నేను షిప్ రిపేరులో బ్లాస్టింగ్ (జోరు గాలితో రవ్వలు కొట్టి తుప్పు రాల్చడం), పెయింటింగ్ పని ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. మీరు అడిగినదానికి ముందు నేను ఒకటి అడగాలి. ఒక్కసారి దింపాక అది వరసగా ఎన్ని రోజులు నీళ్లలో ఉంటుంది? నలభై రోజులు ఖాయమా? సాయంత్రం పైకి లాగే వీలు ఏమైనా ఉందా? పెయింట్ ఏదన్నది దీన్నిబట్టే తేలుతుంది. అమెరికాలో కిట్రెడ్జ్ డిజైన్ చేసిన కే-250, కే-350 లాంటి చిన్న సబ్‌మెరైన్లు ట్రైలర్ మీద వచ్చి, మునిగి, మళ్లీ ట్రైలర్ మీదే వెళ్లిపోయే రకం. రాత్రికి ఇంటికి చేరేదానికి యాంటీఫౌలింగ్ అవసరమే రాదు. మంచినీళ్లతో కడిగితే చాలు.

బారువ_బోటు | ఏప్రిల్ 18, ఉదయం 6:40

మేస్త్రీ అన్న మాట నిజం. మా ఫైబర్ బోట్లకి ఎవరూ ఆ పెయింట్ వేయరు. వేట నుంచి రాగానే ఇసక మీదకి లాగేస్తాం, ఎండలో ఉంటుంది, ఏ గుల్లా బతకదు. మా తాత చెక్క పడవకి గుగ్గిలం నూనెలో కాచి పూసేవాడు, అది నీళ్లు కారకుండా, పురుగు తొలచకుండా. ఈ మధ్య పెద్ద బోట్లు జెట్టీ దగ్గర రెండు నెలలు కదలకుండా ఉంటే అడుగు చూడాలి, చెయ్యి పెడితే కోసుకుపోతుంది. ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వెళ్లి చూడండి, అర్థమవుతుంది.

టెక్కలి_సైన్సు | ఏప్రిల్ 18, ఉదయం 8:15

నేను జువాలజీ చెబుతాను. గుల్లలు ఎలా పడతాయో నాలుగు మాటలు చెప్తే మీ నిర్ణయానికి పనికొస్తుందని రాస్తున్నాను.

నీళ్లలో ఏ వస్తువు పెట్టినా మొదట దాని మీద సేంద్రియ పదార్థం పలచటి పొరలా పడుతుంది. గంటల్లో బ్యాక్టీరియా చేరుతుంది, ఆ తర్వాత డయాటమ్‌లు, అంటే కంటికి కనపడని ఒంటికణపు నాచు. వేలితో రాస్తే జారుతుందే, ఆ పాచి ఇదే. ఇంతవరకూ గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆపైన బార్నకిల్ పిల్లలు వస్తాయి, మీరు గుల్లలు అనేవి ఈ బార్నకిల్సే. వాటి చివరి దశ పిల్లని సైప్రిడ్ అంటారు. అది ఏమీ తినదు, స్థలం వెతుక్కోవడమే దాని పని. ఉపరితలం మీద అటూ ఇటూ నడిచి, నచ్చిన చోట తలకిందులుగా అతుక్కుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటుంది. గోడ లేచాక గుడ్డతో పోదు, గీకాలి. గీకినా అడుగు పళ్లెం మిగులుతుంది.

చలి దేశాల్లో చలికాలం వీటికి సెలవు. మన బంగాళాఖాతంలో నీళ్లు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి కాబట్టి సెలవు లేదు. వంశధారకి వరద వచ్చి ఏటి మొగ దగ్గర ఉప్పు బాగా తగ్గినప్పుడు మాత్రం కొంత విరామం. మీరు దింపేది వానలకి ముందు, ఉప్పు ఎక్కువగా ఉన్నప్పుడు. కాబట్టి నలభై రోజులంటే పాచి దశ దాటి గోడలు కట్టే దశే.

వంశధార_గట్టు | ఏప్రిల్ 18, రాత్రి 8:50

మేడమ్ గారూ, ఇంత విడమరచి చెప్పినందుకు ధన్యవాదాలు. మేస్త్రీ తమ్ముడూ, నలభై రోజులు ఖాయం. స్పీడు రెండు నాట్ల లోపే, అంటే గంటకి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఎక్కువసేపు ఒకే చోట నిలబడి ఉంటుంది, అప్పుడప్పుడూ మునుగుతుంది.

పెయింట్_మేస్త్రీ | ఏప్రిల్ 18, రాత్రి 11:10

అయితే వినండి. మార్కెట్లో ఉన్నవాటిలో మీకు పనికిరానిది ముందు తీసేద్దాం. సిలికాన్ రకం, దాన్ని ఫౌల్ రిలీజ్ అంటారు. అందులో విషం ఉండదు, జారుడు ఉంటుంది. ఓడ వేగంగా పోతుంటే గుల్లలు పట్టు తప్పి రాలిపోతాయి. రెండు నాట్ల మీద ఏదీ రాలదు. పైగా సిలికాన్ ఒకసారి పూశాక దాని మీద వేరే పెయింట్ పట్టదు. వద్దు.

మిగిలినవి రాగి పెయింట్లు. రాగి అంటే క్యూప్రస్ ఆక్సైడ్, ఆ ఎర్ర రంగు దానిదే. ఇందులో గట్టి రకం ఉంది, మెత్త రకం ఉంది. గట్టి రకంలో పెయింట్ పొర అలాగే ఉండి లోపలి రాగి మాత్రం మెల్లగా బయటికి వస్తుంది. బ్రష్‌తో రుద్దొచ్చు, ట్రైలర్ రాపిడికి తట్టుకుంటుంది. కానీ నీళ్లలోంచి తీసి నెలల తరబడి గాలిలో పెడితే పైపొర చచ్చిపోతుంది. ఏటా పొర మీద పొర పేరుకుంటుంది కూడా. మెత్త రకం అరిగే రకం, సబ్బు బిళ్లలా పైనుంచి కరుగుతూ కొత్త రాగిని చూపిస్తుంది. పైకి తీసి ఎండబెట్టి మళ్లీ దింపినా పనిచేసే రకాలు వీటిలో ఉన్నాయి. చేత్తో తాకితే అంటుకుంటుంది, తాళ్లకి అంటుకుంటుంది, అదొక్కటే చిరాకు.

మీ సబ్‌మెరైన్ నలభై రోజులు నీళ్లలో, ఆపైన పది నెలలు షెడ్డులో. నా ఓటు మెత్త రకానికే. డబ్బా మీద "టిన్ ఫ్రీ" అని ఉండాలి. పాత రోజుల్లో టీబీటీ అనే టిన్ మందు కలిపేవారు. ఫ్రాన్సులో ఆర్కషోన్ దగ్గర ఆయిస్టర్లు (తినే ఆల్చిప్పలు) వంకర పెంకులతో పాడైపోయాక 1982లో చిన్న బోట్లకి ఆపించారు. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబర్ 17న అమల్లోకి వచ్చింది. పాత స్టాకు ఎవరు చౌకగా ఇస్తామన్నా తీసుకోకండి.

మిర్చి_యార్డ్ (పాలకొండ) | ఏప్రిల్ 19, ఉదయం 7:30

మెత్తటి కారం పెయింట్‌లో కలిపితే గుల్లలు దగ్గరికి రావని విన్నాను. పడవలవాళ్లు కొందరు చేస్తారట. ఖర్చు తక్కువ కదా, ప్రయత్నించొచ్చా?

నీటిలోపల (ఎచ్చెర్ల) | ఏప్రిల్ 19, మధ్యాహ్నం 1:45

నేను డైవర్‌ని. ఓడల అడుగు శుభ్రం చేయడం, జెట్టీ స్తంభాలు చూడడం నా పని. పొట్ట మీద గుల్లల గురించి మీరంతా మాట్లాడుతున్నారు. నాకు పొట్ట గురించి భయం లేదు. రెండు నాట్ల సబ్‌మెరైన్‌కి పొట్ట గరుకుగా ఉంటే బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, అంతే.

నా భయం చిల్లుల గురించి. బల్లాస్ట్ ట్యాంకు కింద నీళ్లు వెళ్లే రంధ్రాలుంటాయి కదా. ఒకసారి ఒక పాంటూన్ (నీళ్లపై తేలే వేదిక) కింద నీళ్లు లోపలికి లాగే జాలీ శుభ్రం చేశాను. రూపాయి బిళ్లంత రంధ్రాలు, ఒక్కొక్క దాని అంచు చుట్టూ బార్నకిల్స్ పువ్వురేకుల్లా పెరిగి మధ్యలో పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, జాలీ జాలీలాగే ఉంది. మీ ట్యాంకులో ఎడమ పక్క రంధ్రాలు ఇలా సగం మూసుకుపోయి, కుడి పక్కవి బాగుంటే? గాలి ఊదినప్పుడు ఒక పక్క ముందు ఖాళీ అవుతుంది, సబ్‌మెరైన్ ఒరిగిపోతుంది.

ఇంకోటి డ్రాప్ వెయిట్. ఆపదలో వదిలేసే సీసం దిమ్మ. దాని గూట్లో, కొక్కెం చుట్టూ గుల్లలు పెరిగితే హ్యాండిల్ తిప్పినా దిమ్మ పడదు. పెయింట్ మందంగా పూసి అంటుకుపోయినా పడదు. అన్నా, దయచేసి ఆ గూటిలో ఎవరి సలహా మీదా పెయింట్ దట్టించకండి. గూటికీ దిమ్మకీ మధ్య సందు వదిలి, గ్రీజు పెట్టి, ప్రతి రోజూ దిగే ముందు చేత్తో కదిపి చూడండి.

నా లెక్క చెప్తాను. చేయి వెళ్లే చోట గుడ్డ, చేయి వెళ్లని చోట పెయింట్. పొట్ట పైభాగం, కిటికీలు, హ్యాచ్ అంచు, థ్రస్టర్ (ముందుకి నెట్టే ఫ్యాను) బయట, ఇవన్నీ మాస్కు పెట్టుకుని దిగి రెండు మూడు రోజులకోసారి తుడవొచ్చు. ట్యాంకు లోపల, రంధ్రాల అంచులు, కీల్ (అడుగున పొడుగ్గా ఉండే దూలం) అడుగు, వీటికి చేయి వెళ్లదు. రాగి అక్కడ పెట్టండి.

వంశధార_గట్టు | ఏప్రిల్ 19, రాత్రి 9:30

డైవర్ బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. డ్రాప్ వెయిట్ గూడు కొలిచాను, సందు నాలుగు మిల్లీమీటర్లే ఉంది. ప్రైమరూ, ఎపాక్సీ (నీళ్లు చొరనివ్వని గట్టి పూత) రెండు వైపులా పడితే ఇంకా తగ్గుతుంది. దిమ్మని పోతపోసి చిన్నది చేస్తాను. నాలుగేళ్లలో ఈ ఆలోచన నాకు రాలేదు.

పూసపాటిరేగ_చెరువులు | ఏప్రిల్ 20, ఉదయం 5:50

నాకు రొయ్యల చెరువులున్నాయి. ఉప్పుటేరు నీళ్లే మా చెరువులకి తోడుకుంటాం. రాగి రొయ్యకి విషం. బార్నకిల్ కూడా రొయ్య కుటుంబమే, దాన్ని చంపేది దీన్నీ చంపుతుంది. ఒక్క చిన్న సబ్‌మెరైన్‌తో ఏరు పాడవుతుందని నేను అనను. కానీ పాత పెయింట్ గట్టు మీద గీకి, ఆ పొడి నీళ్లలోకి ఊడ్చేస్తే మాత్రం ఊరుకోను. మా దగ్గర ఒకాయన బోటు అలాగే గీకాడు, ఎర్ర పొడి మూడు రోజులు ఒడ్డునే తేలింది.

పెయింట్_మేస్త్రీ | ఏప్రిల్ 20, ఉదయం 9:00

మీ కోపం న్యాయం. గీకే పని ఎప్పుడూ షెడ్డులో, కింద టార్పాలిన్ పరచి, నీళ్లు చల్లుకుంటూ తడి ఇసక కాగితంతో చేయాలి. పొడిగా రుద్దితే రాగి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తీసిన బురద సంచిలో కట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వాలి. ఇంకో మాట, మెత్త రకం పెయింట్‌ని నీళ్లలో ఉండగా గట్టి బ్రష్‌తో రుద్దకూడదు. ఒక్కసారిగా ఎర్ర మేఘం లేస్తుంది, పెయింటూ పోతుంది. అన్నా, డైవర్ తమ్ముడు చెప్పినట్టు రాగి కొన్ని చోట్లకే పరిమితం చేస్తే ఈ బాధ కూడా తగ్గుతుంది.

విజ్జీ_రోబో (విజయనగరం) | ఏప్రిల్ 20, సాయంత్రం 6:20

నేను ఇంజినీరింగ్ ఫైనలియర్. మా టీమ్ నీటి అడుగున తిరిగే చిన్న రోబో చేస్తోంది, ఫ్రేమ్ అల్యూమినియం. చింతపల్లి దగ్గర సముద్రంలో పరీక్షిస్తాం. మేమూ ఇదే రాగి పెయింట్ వేయొచ్చా సార్?

పెయింట్_మేస్త్రీ | ఏప్రిల్ 20, సాయంత్రం 7:05

వద్దు తమ్ముడూ! అల్యూమినియం మీద క్యూప్రస్ ఆక్సైడ్ వేస్తే ఉప్పునీళ్లలో రెండూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి. ఒక్క గీత పడి లోహం కనపడిందా, అక్కడ అల్యూమినియం పొడిపొడిగా రాలిపోతుంది. అల్యూమినియంకి కాపర్ థయోసయనేట్ రకమో, రాగి అసలు లేని రకమో వాడాలి. అయినా మీ రోబో గంటసేపు తిరిగి బకెట్లో కడుక్కుని హాస్టల్‌కి వెళ్లిపోతుంది. దానికి పెయింట్ ఎందుకు? స్టీలుకి కూడా ఎపాక్సీ గోడ లేకుండా రాగి నేరుగా తగలకూడదు. జింక్ ఆనోడ్‌లకి (స్టీలుకి బిగించే జింకు దిమ్మెలకి) మాత్రం ఏ పెయింటూ తగలనీయకండి, స్టీలు బదులు అవి కరగడానికే ఉన్నాయి.

వంశధార_గట్టు | ఏప్రిల్ 24, రాత్రి 8:10

ఊరికే చర్చించే బదులు చూసి తెలుసుకుందామని ఐదు స్టీలు రేకులు కోశాను, ఒక్కొక్కటి జానెడు. ఒకటి ఉత్త ఎపాక్సీ. ఒకటి ఎపాక్సీ మీద తెల్ల పాలీయురేథేన్. ఒకటి గట్టి రాగి, ఒకటి మెత్త రాగి. ఐదోది పాలకొండ మిత్రుడి కోసం, ఎపాక్సీలో కారం కలిపి. రాగి పెయింట్లు తెలిసిన మెకానిక్ దగ్గర మిగిలిన సగం డబ్బాల్లోంచి తెచ్చాను. ఐదూ ఒక వెదురు బద్దకి కట్టి, ఉప్పుటేరులో జెట్టీ కింద ఒకటిన్నర మీటర్ల లోతులో వేలాడదీశాను. నాలుగు వారాలకి తీస్తాను.

బారువ_బోటు | ఏప్రిల్ 24, రాత్రి 9:00

బాబాయ్, గుర్తుగా ఒక ఎర్ర డబ్బా కట్టండి. లేదంటే వలలో చిక్కిందని ఎవరో తెంపేస్తారు.

విజ్జీ_రోబో | మే 3, రాత్రి 11:40

సార్, రేకులు తేలేలోపు ఒక లెక్క వేశాను. తప్పయితే చెప్పండి. పెయింట్ బరువు సబ్‌మెరైన్ ట్రిమ్‌ని (నీళ్లలో సమంగా నిలిచే తీరుని) మారుస్తుందా అని డౌట్ వచ్చింది.

మీ కొలతల ప్రకారం గొట్టం, మూతలు, ట్యాంకులు, రెక్కలు అన్నీ కలిపి బయటి వైశాల్యం సుమారు 18 చదరపు మీటర్లు అనుకున్నాను. ఎపాక్సీ మొత్తం 300 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఎండితే 5.4 లీటర్లు. లీటరు 1.4 కిలోల చొప్పున ఏడున్నర కిలోలు. అది తొలగించే ఉప్పునీళ్లు ఐదున్నర కిలోలు. అంటే నికరంగా రెండు కిలోలు బరువెక్కుతుంది. రాగి పెయింట్ ఒళ్లంతా 150 మైక్రాన్లు వేస్తే 2.7 లీటర్లు. ఎండిన పొర లీటరు రెండున్నర కిలోలు అనుకుంటే దాదాపు ఏడు కిలోలు, తొలగించే నీళ్లు 2.8 కిలోలు. నికరంగా నాలుగు కిలోలు. రెండూ కలిపి ఆరు కిలోలు. నీళ్లలో అటూ ఇటూ కాకుండా నిలబడాల్సిన వాహనానికి ఆరు కిలోలు చిన్న సంగతి కాదనిపిస్తోంది. పైగా మెత్త రకం అరిగే కొద్దీ ఆ బరువు తగ్గుతూ వస్తుంది కదా.

వంశధార_గట్టు | మే 4, ఉదయం 6:15

తమ్ముడూ, లెక్క బాగుంది. నేను సీసం బరువులు పెయింట్ వేయకముందే బిగించి పెట్టుకున్నాను. ఇప్పుడు విప్పి, పెయింట్ ఎండాక మళ్లీ తూస్తాను. ట్రైలర్‌తో సహా మా ఊరి వేబ్రిడ్జ్ మీద తూస్తే ఆరు కిలోల తేడా తెలియదు, కాబట్టి నీళ్లలో దింపాకే చిన్న చిన్న సీసం ముక్కలతో సరిచేయాలి.

నీటిలోపల | మే 4, మధ్యాహ్నం 12:30

కిటికీల గురించి ఎవరూ మాట్లాడలేదు. నా స్నేహితుడు ఒక కెమెరా డబ్బాకి యాక్రిలిక్ మూత పెట్టుకున్నాడు. దాని మీద పెయింట్ చుక్క పడితే థిన్నర్ గుడ్డతో తుడిచాడు. చుక్క శుభ్రంగా పోయింది. ఓ పది నిమిషాల తర్వాత వెలుతురుకి పట్టి చూస్తే లోపల సాలెగూడులా సన్నటి గీతలు, ఒకదాన్ని ఒకటి తాకుతూ. వేలితో తడిమితే ఏమీ తగలదు. ఆ గీతలు పగుళ్లే. కెమెరా డబ్బా కాబట్టి పారేశాడు. మీ కిటికీ వెనక మీ మొహం ఉంటుంది అన్నా. ముప్పై మీటర్ల లోతులో దాని మీద మూడు వాతావరణాల ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. థిన్నర్, అసిటోన్, స్పిరిట్ ఏదీ కిటికీ దరిదాపులకి రాకూడదు. కుదిరితే పెయింట్ పని అయ్యేదాకా కిటికీలు విప్పి ఇంట్లో గుడ్డలో చుట్టి పెట్టండి, వాటి స్థానంలో చెక్క బిళ్లలు బిగించండి. నీళ్లలో ఉన్నన్నాళ్లూ మెత్తటి గుడ్డ, తేలిక సబ్బునీళ్లు చాలు.

వంశధార_గట్టు | మే 22, సాయంత్రం 5:40

ఇవాళ పొద్దున పోటు తగ్గాక రేకులు తీశాను. టెక్కలి మేడమ్ కూడా భూతద్దం పట్టుకుని వచ్చారు, ఆవిడ ఓపికకి దండం పెట్టాలి.

ఉత్త ఎపాక్సీ రేకు మీద గోధుమరంగు జారుడు పొర, దాని మధ్యలో బార్నకిల్స్. పెద్దది వేలి గోరంత. అంచుల దగ్గర, నేను రేకు కట్టిన చిల్లు చుట్టూ ఎక్కువ. డైవర్ బాబు చెప్పిన రేకుల పువ్వు నా కళ్లారా చూశాను. తెల్ల పాలీయురేథేన్ మీద కూడా దాదాపు అంతే, పైగా ఒక మూల చిన్న బుడగలు లేచాయి. నీళ్లలో ఎప్పుడూ మునిగి ఉండడానికి ఆ పెయింట్ కాదని మేస్త్రీ ఫోన్లో చెప్పాడు. కారం రేకు అందరికంటే ఘోరం. గరుకుగా ఉండడం వల్లనేమో మధ్యలో కూడా పట్టేశాయి, ఎపాక్సీ గోరుతో లాగితే రాలింది. మిత్రమా, కారం వంటింట్లోనే ఉంచుదాం.

గట్టి రాగి మీద పాచి ఉంది, గుల్ల లేదు. మెత్త రాగి మీద పాచి కూడా పలచగా, తడి బట్టతో ఒక్క తుడుపుకి పోయింది. ఎర్రదనం బట్టకి అంటింది. మేడమ్ చూసి చెప్పిన ఇంకో సంగతి, మెత్త రాగి రేకు వెనక వైపు నేను సరిగ్గా పూయని అర అంగుళం పట్టీ ఉంది, సరిగ్గా అంతమేరకే మూడు గుల్లలు వరసగా కూర్చున్నాయి. పూసిన గీత మీదకి ఒక్కటీ రాలేదు.

కాబట్టి నిర్ణయం అయిపోయింది. మొత్తం ఎపాక్సీ. ట్యాంకుల లోపల, రంధ్రాల అంచులు, కీల్ అడుగు, పొట్ట కింది మూడో వంతు మెత్త రాగి. మిగతాది లేత రంగు ఎపాక్సీ, నేనూ మా మేనల్లుడూ మూడు రోజులకోసారి తుడుస్తాం. మేస్త్రీ తమ్ముడూ, ఇక ఎలా పూయాలో చెప్పు.

పెయింట్_మేస్త్రీ | మే 22, రాత్రి 10:30

చెప్తాను. పెయింట్ పనిలో ముప్పాతిక భాగం డబ్బా మూత తీయకముందే ఉంటుంది.

ముందు స్టీలుని మంచినీళ్లతో కడగండి, షెడ్డు సముద్రానికి దగ్గర కాబట్టి కంటికి కనపడని ఉప్పు ఉంటుంది. నూనె మరకలు డిటర్జెంట్‌తో. తర్వాత బ్లాస్టింగ్, ఎస్‌ఏ 2.5 దాకా, అంటే దాదాపు తెల్ల లోహం. బ్లాస్టింగ్ అయిన రోజే మొదటి ప్రైమర్ పడాలి. మన కోస్తా గాలిలో రాత్రికి రాత్రే పసుపు తుప్పు లేస్తుంది. గుంటలకి పాలిస్టర్ పుట్టీ వాడొద్దు, నీళ్లు తాగుతుంది. ఎపాక్సీ ఫిల్లర్ వాడండి, లోపల గాలి బుడగలు లేకుండా అదమండి. లోతుకి వెళ్తే ఆ బుడగలే నొక్కుకుపోయి పైపొర పగులుతుంది.

తేమ గురించి జాగ్రత్త. గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపేయండి. స్టీలు వేడి, మంచు పాయింటు కంటే, అంటే గాలిలో తేమ నీటి చుక్కలుగా పట్టే ఉష్ణోగ్రత కంటే, కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఉదాహరణకి గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే ఆ మంచు పాయింటు సుమారు 26. అంటే స్టీలు 29 దాటాలి. మే నెలలో కూడా తెల్లవారుజామున అది ఉండదు. నేను కొత్తలో ఒక టగ్ బోటుకి సాయంత్రం ఆరున్నరకి చివరి కోటు వేశాను, పని పూర్తి చేసేయాలనే తొందరలో. పొద్దున చూస్తే పైన పాలపొర లాంటి తెలుపు. నెల తిరక్కుండా అరచేతులంత పెళ్లలుగా ఊడింది. అంతా గీకి మళ్లీ వేశాను, ఆ కూలి నా జేబులోంచే పోయింది. అందుకే మీరు పదింటికి మొదలుపెట్టి మూడింటికి ఆపేయండి.

ఎపాక్సీ మూడు కోట్లు, ఒక్కో కోటు వేరే రంగు. ఎక్కడ వదిలేశారో వెంటనే తెలుస్తుంది. వెల్డ్ అతుకుల మీద, అంచుల మీద ముందు బ్రష్‌తో ఒక చార, తర్వాత రోలర్. 300 మైక్రాన్లు చాలు, ధైర్యం కోసం 600 వేయకండి. అతుకు దగ్గర చీలిక మొదలైతే మందపాటి పెయింట్ దాన్ని దాచేస్తుంది. లేత రంగు ఎందుకంటే తుప్పు చార కనపడుతుంది, ఎండకి లోపల మనిషి ఉడికిపోడు, నీళ్లపైన ఉన్నప్పుడు బోటువాళ్లకి దూరం నుంచే కనపడుతుంది.

రాగి కోటు టైమింగ్ ముఖ్యం. చివరి ఎపాక్సీ పూర్తిగా ఎండనీయకూడదు. బొటనవేలు నొక్కితే ముద్ర పడాలి, పెయింట్ మాత్రం వేలికి అంటకూడదు. ఆ గంటల్లోనే మొదటి రాగి కోటు. దాటిపోతే ఇసక కాగితంతో గరుకు చేయక తప్పదు. డబ్బా కలపడానికి కనీసం పదిహేను నిమిషాలు పెట్టుకోండి. రాగి బరువు, అడుక్కి దిగిపోతుంది. కర్ర దించి పైకి తీస్తే చెరువు అడుగున ఎర్ర ఒండ్రులా సాగుతూ వస్తుంది. ఆ ఒండ్రే మీరు డబ్బు పెట్టి కొన్న మందు. పైన తేరిన నూనె మాత్రం పూస్తే మీ షాపువాడి డబ్బాకీ దీనికీ తేడా ఉండదు.

టేప్ వేయాల్సినవి: ఓ-రింగ్ (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు చుట్టు) కూర్చునే గాడులు, హ్యాచ్ అంచు, జింకులు, షాఫ్టు సీళ్లు, డెప్త్ సౌండర్ (లోతు కొలిచే పరికరం) ముఖం. ట్యాంకుల లోపల పూసేటప్పుడు ఒక్కరే వెళ్లొద్దు. ద్రావకం ఆవిరి గాలికంటే బరువు, అడుగున నిలుస్తుంది, మత్తు వస్తుంది, నిప్పు కూడా అంటుకుంటుంది. గాలి ఊదే ఫ్యాను పెట్టి, బయట ఒక మనిషి నిలబడి, మాట్లాడుతూ ఉండాలి. మనిషి కూర్చునే గది లోపల మాత్రం యాంటీఫౌలింగ్ చుక్క కూడా పడకూడదు. అక్కడ వేసిన ఏ పెయింటైనా వాసన పూర్తిగా పోయేదాకా వారాల తరబడి హ్యాచ్ తెరిచి ఆరబెట్టాలి. మూత వేశాక మీరు పీల్చేది ఆ గాలే.

వంశధార_గట్టు | జూన్ 6, రాత్రి 9:15

పని అయింది. బ్లాస్టింగ్ మే 27న, అదే రోజు సాయంత్రంలోపు ప్రైమర్. రెండో ఎపాక్సీ రోజున మబ్బు పట్టింది, తేమ 88 చూపించింది. మా మేనల్లుడు "ఏమవుతుంది మామయ్యా, వేసేద్దాం" అన్నాడు. టగ్ బోటు సంగతి చదివి వినిపించి రోలర్ లాక్కున్నాను. రెండు రోజులు ఆగాం. ట్యాంకుల్లోకి వాడు చేయి, భుజం దూర్చి చిన్న రోలర్‌తో పూశాడు, నేను బయట నిలబడి పది నిమిషాలకోసారి బయటికి రప్పించాను. కిటికీలు ఇంకా మా ఇంట్లో పెట్టెలోనే ఉన్నాయి. డ్రాప్ వెయిట్ కొత్త దిమ్మ పోశాను, ఇప్పుడు సందు పది మిల్లీమీటర్లు. హ్యాండిల్ తిప్పితే ధబ్బుమని ఇసక తట్టలో పడుతోంది, ఇరవైసార్లు పడేశాం.

పాత రేకులు, గీకిన పొడి సంచిలో కట్టి ఉంచాను. పూసపాటిరేగ తమ్ముడూ, ఒక్క రవ్వ ఏటిలోకి పోలేదు.

అనుమతి కాగితం మాత్రం ఇంకా రాలేదు. వానలు దగ్గరపడ్డాయి. వరద తగ్గాక దింపాల్సి వస్తే మూడు నాలుగు నెలలు షెడ్డులోనే ఉంటుంది. రాగి పొర పాడవుతుందా?

పెయింట్_మేస్త్రీ | జూన్ 7, ఉదయం 7:20

మీరు వేసింది అరిగే రకం కాబట్టి భయం లేదు అన్నా. నీడలో ఉంచండి, గాలి ఆడేలా గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ షీటు చుట్టొద్దు, లోపల చెమట పడుతుంది. ట్రైలర్ దిమ్మెలు తగిలే చోట పొర రాలుతుంది, కాస్త పెయింట్ దాచి ఉంచుకుని దింపే ముందు రోజు అక్కడ పూయండి. మిగతా చోట గిన్నెలు తోమే పచ్చ పీచు తడిపి ఒక్కసారి తేలికగా రాయండి, పైపొర లేచి కొత్త రాగి కనపడుతుంది. కింద టార్పాలిన్ మరవకండి. ఎపాక్సీ ఎండాక డబ్బా మీద రాసిన గంటలు పూర్తిగా గడవనిచ్చి కిటికీలు బిగించండి.

విజ్జీ_రోబో | జూన్ 7, ఉదయం 8:00

సార్, దింపే రోజు నేను రావచ్చా? సీసం ముక్కలు నేను మోస్తాను.

వంశధార_గట్టు | జూన్ 7, ఉదయం 8:25

తప్పకుండా రా నాన్నా. తూకం లెక్కల పుస్తకం కూడా తెచ్చుకో.